వినబడలేదు

డులూత్ పాత పోలీసు భవనం, నేలమాళిగ.
పద్నాలుగో పెట్టె. మూత మీద పెన్సిలుతో
ట్వెయిట్ హత్య, నవంబరు 1971, సాక్షులు.
పదకొండు రీళ్లు, నాలుగు వందల పేజీలు,
ఎవరో కప్పు పెట్టిన గుండ్రటి మరక.

నా పని చిన్నది.
టేపు విని కాగితంతో సరిచూడాలి,
తేడా ఉంటే ఎర్ర ఇంకుతో అంచున రాయాలి.
గంటకు పందొమ్మిది డాలర్లు.
చనిపోయినాయన మీద నాకు అభిప్రాయం ఉండనక్కర్లేదు.

అందరూ ఒకే హాల్లో ఉన్నారు,
ఒక్కొక్కరూ ఒక్కో హాలు చూశారు.
రేవు కూలీ ఆర్విల్ బ్యాకస్‌కి రెండు తూటాలు వినిపించాయి,
పియానో వాయించినామెకు నాలుగు.
"నాలుగోది నేను మూత వదిలేసిన చప్పుడేమో" అని
వారం తర్వాత వచ్చి ఒక తూటా వెనక్కి తీసుకుంది.
హంతకుడు ఆరడుగులు అన్నాడొకడు.
అప్పుడు వాడు బల్ల కింద ఉన్నాడు.
బల్ల కింద నుంచి ఎవడైనా పొడుగే.

ఏడో రీలు. ఐలీ కోస్కెలా, ముప్పై నాలుగేళ్లు,
వచ్చినవాళ్ల కోట్లు దాచే గదిలో పని.
ఆ రాత్రి మంచు. రెండువందల పన్నెండు తీసుకుంది,
రెండువందల పదకొండు తిరిగిచ్చింది.
"తొక్కుకుంటూ పారిపోతూ కూడా
వరుసలో నిలబడి బిళ్ల చూపించే తీసుకున్నారండీ,"
గొంతులో ఇంకా ఆరని ఆశ్చర్యం.
మిగిలింది ఎనభై ఎనిమిదో నంబరు. ఒంటె రంగు.
జేబులో దగ్గుబిళ్లలు, ఒకే ఒక చేతి తొడుగు.
అది ఎవరికివ్వాలని అడిగింది.
డిటెక్టివ్ ఇంకో ప్రశ్న వేశాడు.

పక్క తలుపులోంచి వెళ్లినవాడెవడు?
కాగితం మీద ఇలా ఉంది:
"ముఖం చూడలేదు. కింద పడిన బిళ్ల కోసం వంగాను.
బూట్లు కనబడ్డాయి. అవి... వినబడలేదు."

టేపులో వినబడుతోంది.
ముప్పైసార్లు వెనక్కి తిప్పాను.
వేడిగొట్టం టకటక, అగ్గిపుల్ల గీసిన చప్పుడు,
ఆ తర్వాత కడిగిన గ్లాసంత తేటగా,
"అచ్చం మీ బూట్లలాంటివి."

మీ అంటున్నాను గానీ
ఆమె మాట్లాడిన ఇంగ్లీషులో పెద్దకీ చిన్నకీ ఒకటే మాట.
బెదిరి అనుంటే మీవి.
వేలు చూపించి అనుంటే నీవి.
మనసులో తెలుగు చేసుకోబోయి
ఆ ఒక్క అక్షరం దగ్గర ఇరుక్కున్నాను.

తర్వాత పదకొండు సెకన్లు ఎవరూ మాట్లాడరు.
కుర్చీ కిర్రుమంటుంది.
"కాఫీ తాగుతారా, మిసెస్ కోస్కెలా?"

నేరం ఒప్పుకున్నవాడు సరస్సులో చేపలు పట్టేవాడట.
జప్తు జాబితాలో వాడి బూట్లున్నాయి:
రబ్బరువి, మోకాళ్ల దాకా, అరికాలు చిరిగినవి.

పేజీ అడుగున ఆమె సంతకం.
టైపిస్టు కోస్కీ అని కొడితే
దాన్ని కొట్టేసి పైన నీలి ఇంకుతో సరిచేసుకుంది.
వినబడలేదు అన్నచోటికి సరిగ్గా రెండంగుళాల కింద.
అంటే చదివింది. అక్షరం వదలకుండా చదివింది.
పేరు దిద్దుకుంది,
గుంతను గుంతలాగే వదిలేసింది.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు.
యాభై ఏళ్లు, ఇనుప అరలో, కదలకుండా.
ఇంకా ఎంత నిలకడ కావాలో.

"ఏడోది అయిందా?" పై మెట్టు నుంచి డ్వెయిన్.
"ఒకచోట తేడా."
"పెద్దదా?"
"మూడు మాటలు."

ఆమె దిద్దనిది దిద్దడానికి నేనెవరు?
చాలాసేపు కలం మూత తీసి, పెట్టి, తీసి
చివరికి రాశాను,
ఆమె తన పేరు దిద్దుకున్నంత ఎత్తు అక్షరాల్లోనే.

ఇంటికెళ్లేముందు ఆ కోటు కోసం వెతికాను.
జాబితాలో ఉంది: ఒంటె రంగు, ఒకటి.
తీసుకున్నవారి సంతకం అన్న గడి
ఖాళీ.